ఎర్రగుండీ సంచి

వీధిలో అందరూ ఆమెను గుండీలమ్మ అనేవారు. ముప్పై ఒక్కేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది కాబట్టి ఆ పేరు. ఆవిడ మొగుడు చెకింగాయన. అదే ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర కూర్చుని, కుట్టి వచ్చిన చొక్కాల్లో తప్పులు పట్టి సరిచేయడం ఆయన ఉద్యోగం. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు గానీ, ఆయన మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని గుండీలమ్మ అంటుండేది. గోడ మీద వంకరగా వేలాడే క్యాలెండరు దగ్గర్నుంచి అన్నంలో రాయిదాకా ఏదీ ఆయన కళ్ళు దాటిపోదు.

గుండీలమ్మకు భయం జాస్తి. కుక్కరు కూత వేసేదాకా వంటింటి గడప బయటే నిలబడుతుంది. లిఫ్టు ఎక్కదు. పొద్దున ఏడింటికి ముందు ఫోను మోగితే, ఎత్తకముందే ఎవరు పోయారోనని ఏడుపు మొదలుపెడుతుంది. మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే నాలుగు వీధులు చుట్టూ తిరిగి వంతెన ఎక్కి దిగుతుంది. "మా ఆవిడ నీడ కూడా ఆవిడకి రెండడుగులు దూరంగా నడుస్తుంది, భయపెడతానేమోనని" అని చెకింగాయన అందరి ముందూ వేళాకోళమాడేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

అదే మనిషి పెరట్లోకి దిగితే మాత్రం ఆ భయాలేవీ కనబడేవి కావు. జెర్రి కనబడితే పుల్లతో పక్కకు తోసేది. నత్తల్ని వేళ్ళతో ఏరి డబ్బాలో వేసేది. ఆ పెరడు ఎంతని, మహా అయితే రెండు మంచాలు వేసేంత నేల, గోడవారగా ఓ పాతిక కుండీలు. ఎండలు కాసే రోజుల్లో ఎవరైనా మొక్కలు పెంచుతారు, చలికాలంలో నిలబెట్టాలి, అదీ పనితనం అనేది ఆవిడ. చలి మొదలవగానే కుండీలన్నీ ఎండ తగిలే గోడ దగ్గరికి జరిపేది. మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు బెత్తెడు మందాన పరిచేది. సాయంత్రం పాత దుప్పట్లు కప్పి, పొద్దెక్కాక తీసేది. నీళ్ళు మాత్రం ఎండ వచ్చాకే పోయాలి. సాయంత్రం పోస్తే ఆ తడి రాత్రికి మంచుగా మారి వేళ్ళను తినేస్తుందని మొగుడికి నూటొక్కసార్లు చెప్పింది.

చలికి ఆగని దుంపల్ని తవ్వి తీసి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, బూడిద పట్టించి గుడ్డసంచుల్లో దాచేది. ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలతో తనే కుట్టిన సంచులు అవి. ఒక్కో సంచి మూతికీ ఒక గుండీ. చిలగడదుంపలు, చేమదుంపలు, కూరకి పనికొచ్చేవీ విత్తనానికి దాచుకునేవీ అన్నీ తెల్లగుండీ సంచుల్లో ఉండేవి. ఒక్క సంచికి మాత్రం ఎర్రగుండీ. అందులో ఉన్నవి అగ్నిశిఖ దుంపలు.

ఆ తీగ ఆవిడకు ప్రాణం. రిటైరైన రోజున ఫ్యాక్టరీ తోటమాలి కాగితంలో చుట్టి ఒక దుంప చేతిలో పెట్టాడు. "పువ్వు మంటలా ఉంటుందమ్మా, చూస్తే చూపు తిప్పుకోలేవు. దుంప మాత్రం విషం. ఒక్కటి కడుపులో పడితే మనిషి దక్కడం కష్టం. ముట్టుకుంటే చేతులు కడుక్కో" అని మరీ మరీ చెప్పాడు. గుండీలమ్మ ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే కొడుకు ఆ సాయంత్రమే పీకి పారేస్తాడని భయం. విషం అన్న మాట నోటివెంట వస్తే అది ఎక్కడ నిజమై కూర్చుంటుందోనని ఇంకో భయం. ఇన్నిటికి భయపడే మనిషి భయపడాల్సిన ఆ ఒక్కచోట మాత్రం ఎర్రగుండీ కుట్టి ఊరుకుంది.

ఆ గుండీ కూడా ఊరికే కుట్టలేదు. ఫ్యాక్టరీలో తప్పున్న చొక్కాకి కాలరు వెనక ఎర్రగుండీ కుట్టేవారు. ఎర్రగుండీ ఉన్న చొక్కా గేటు దాటకూడదు. అది కుట్టి పక్కన గంపలో పడేయడమే గుండీలమ్మ పని, ఆ తర్వాత గంప ఎటు పోయేదో ఆవిడ ఏనాడూ చూడలేదు. దాటకూడనిదానికి ఎర్రగుండీ, అంతే ఆవిడకు తెలిసింది.

రెండు చలికాలాలు ఆ సంచిని మంచం కింద ట్రంకుపెట్టెలో దాచింది. మూడో ఏడు చెమ్మ ఎక్కువై ఒక దుంపకు బూజు పట్టింది. కుళ్ళిపోతుందేమోనన్న బెంగతో దాన్ని కూడా తెచ్చి, మిగతా పదకొండు సంచులతో పాటు వంటింట్లో పొయ్యి మీది కొక్కేలకు తగిలించింది. ఆ వారమే చెల్లెలికి కంటి ఆపరేషనని కబురొచ్చింది. బయల్దేరే ముందు కోడలికి చెప్పింది.

"అమ్మాయ్, కూరలేమీ లేకపోతే ఆ తెల్లగుండీ సంచుల్లోంచి తీసుకో. ఎర్రది మాత్రం ముట్టుకోకు, అది పూలది."

"సరే అత్తయ్యా. మీరు బస్సులో భయపడకుండా వెళ్ళండి ముందు" అని కోడలు నవ్వింది. ఆ పిల్ల ప్రింటింగు ప్రెస్సులో బైండింగు చేస్తుంది. లారీ నడిపే మొగుడు నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటే, అత్తామామల్ని చూసుకుంటూ, బల్లి మీద పడ్డా దులుపుకుని పోయే మనిషి.

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండుకు గుండీలమ్మ తిరిగొచ్చింది. చేతిసంచి గుమ్మంలో పెట్టి నేరుగా పెరట్లోకి నడిచింది. దుప్పట్లు తీసి ఉన్నాయి గానీ మట్టి తడితడిగా, ఆకుల అంచులు నల్లగా ఉన్నాయి.

"ఏమండీ! రాత్రి నీళ్ళు పోశారా?"

"సాయంత్రం పోశా, రాత్రి కాదు" అని లోపల్నుంచి జవాబు.

సణుక్కుంటూ ఎరువుగుంట దగ్గరికి వెళ్ళింది. పొద్దుటి టీపొడి పైన దుంపల తొక్కలు ఉన్నాయి. కోడలు వంట చేసి వెళ్ళిందన్నమాట అనుకుంది. ఎర్రటి తొక్కలు చిలగడదుంపవి. వాటి మధ్యలో పల్చగా, గోధుమరంగులో ఇంకో రకం తొక్క కనబడింది. వంగి వేలితో కదిపింది. పంగలకర్రలా రెండుగా చీలిన ఒక కొస, లోపల తెల్లగా.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. తోటలో పెరిగిన దుంప మొహం తోట చూసుకునే మనిషికి తెలియదూ! అయినా చూపు మోసం చేసిందేమోనని మళ్ళీ చూసింది. మళ్ళీ అదే. గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

పొయ్యి మీద కొక్కేలకు పన్నెండు సంచులు వరసగా వేలాడుతున్నాయి. పన్నెండింటికీ తెల్లగుండీలే. ఎర్రది లేదు.

"ఎర్రగుండీ... ఎర్రగుండీది ఏదండీ?"

చెకింగాయన వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా మరి! నువ్వొచ్చేలోపు సరిచేసి పెట్టా. ఆ సంచికి అడుగున రెండు కుట్లు ఊడాయి. అందుకేగా ఎర్రగుండీ వేశావ్? ఊడిన చోట కుట్టి, ఎర్రది పీకేసి తెల్లది వేసి పాసు చేసేశా. కొలత కూడా సరిపోయింది చూడు, నాలుగు కన్నాల గుండీ."

అప్పుడు తెలిసింది గుండీలమ్మకు, ఆ గంప ఎటు పోయేదో. చెకింగు బల్ల దగ్గరికి పోయేది. తప్పు సరిచేసి, ఎర్రది తీసి, తెల్లది వేసి గేటు దాటించడమే ముప్పై ఏళ్ళు ఈయన చేసిన ఉద్యోగం. ఆవిడ వద్దని కుట్టిన గుర్తును ఈయన బాగుచెయ్యమన్న గుర్తుగా చదివాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, సంచికి చిల్లుంటే ఉండనీ అని ఈ మనిషి ఒక్కసారి ఊరుకుని ఉంటే బాగుండేది. అలా తిట్టే వ్యవధి కూడా ఆవిడకు లేదు.

"మీరు తిన్నారా? ఈ పూట కూర తిన్నారా?"

"నాకు దుంపలు పడవు కదే. రాత్రిది పప్పుంటే తిన్నా. ఏం, ఏమైంది?"

పొయ్యి పక్కన గిన్నె మూత తీసింది. కూర సగం ఉంది. మిగతా సగం డబ్బాలో పెట్టుకుని కోడలు పొద్దున్నే పనికి వెళ్ళిపోయింది.

"విషమండీ అది" అంది. మూడేళ్ళుగా నోట్లోకి రానివ్వని మాట అలా వచ్చింది. "పిల్ల తింటే చచ్చిపోతుంది."

ఆయన కోడలికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ప్రెస్సులో ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు. గడియారంలో పన్నెండుంబావు. భోజనం గంట ఒంటిగంటకు కొడతారు. నడిస్తే ఇరవై నిమిషాలు. టైముంది, టైముంది అని గుండీలమ్మ పైకే అనుకుంటూ ఎరువుగుంటలోని తొక్కను కాగితంలో చుట్టి, ఆ సంచిని కొక్కెం మీంచి లాగి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడింది.

వంతెన వైపు తిరగలేదు. మెయిన్ రోడ్డు మీదికి నేరుగా దిగిపోయింది. బస్సు బ్రేకు కీచుమంది, ఎవడో కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు. ఆవిడకు అవేవీ తెలియలేదు. వెనకాల చెకింగాయన ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి కోడలి చెప్పు వేసుకుని "ఆగవే, ఆగు" అంటూ పరిగెత్తుతున్నాడు. తినకూడదు, ఇంకా తినకూడదు, ఒక్క పావుగంట ఆగు తల్లీ అని ఆవిడ గుండె కొట్టుకుంటోంది.

ప్రెస్సు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం పడ్డాడు. "లోపలికి వెళ్ళకూడదమ్మా. ఎవరు కావాలి?"

"నా కోడలు. బైండింగులో చేస్తుంది. భోజనం తిననివ్వొద్దు బాబూ, దండం పెడతా."

"ఇంకెక్కడి భోజనం? చలికాలం కదా, ముప్పావుగంట ముందే కొడుతున్నాం గంట. తినేసి చేతులు కడుక్కుంటున్నారు."

వాణ్ణి తోసుకుని లోపలికి వెళ్ళింది. జిగురు వాసన, కాగితాల దొంతరలు, వాటి వెనక సిమెంటు తొట్టి. తొట్టి దగ్గర కోడలు వంగి డబ్బా కడుగుతోంది. డబ్బా ఖాళీగా మెరుస్తోంది.

"అత్తయ్యా! ఎప్పుడొచ్చారు? కాళ్ళకి ఆ రక్తమేంటి?"

"తిన్నావా?"

"తిన్నాను, ఇప్పుడే."

"అంతా తిన్నావా? ఎవరికైనా పెట్టావా?"

"లేదు. కొంచెం చేదొచ్చింది, చేదుది వేరేవాళ్ళకెలా పెడతాను?" కోడలు తడిచేతులు చీరకు తుడుచుకుంది. "మీరు ఇంత చలిలో పడి పండించినవి కదా. పారేయబుద్ధి కాలేదు, అంతా తినేశా."

గుండీలమ్మ అక్కడే తొట్టి గట్టు మీద కూలబడింది. ఆ పిల్ల భయపడుతుందని తెలిసీ, నోరు నొక్కుకోలేక, బిగ్గరగా ఏడ్చేసింది.

ప్రెస్సు వాళ్ళ వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిని అరగంట కూడా కాలేదు. వ్యానులో కోడలు "నాకేం కాలేదత్తయ్యా, బాగానే ఉన్నా" అంటూనే ఉంది. ఆ మాటే గుండీలమ్మను ఎక్కువ భయపెట్టింది.

డ్యూటీ డాక్టరమ్మకు తొక్క చూపించి, సంచిలో మిగిలిన రెండు దుంపలూ బల్ల మీద పెట్టారు. ఆమె వెంటనే కోడల్ని లోపలికి పంపించి కడుపు కడిగించింది, ఏదో నల్లటి మందు తాగించింది. ఆ తర్వాత బయటికొచ్చి కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"ఎన్ని దుంపలు వండింది?"

"ఒకటే, సంచిలో మూడుండేవి" అంది గుండీలమ్మ. "సగం కూర ఇంట్లోనే ఉంది."

"అది ఎవరూ ముట్టకుండా చూసుకోండి. ఈ విషం ఇప్పుడేమీ చూపించదు. సాయంత్రం నుంచి మొదలవుతుంది. మూడు రోజులు దాటితేగానీ నేనేమీ చెప్పలేను." డాక్టరమ్మ కలం ఆపి తలెత్తింది. "ఇది విషమని ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

చెకింగాయన పెళ్ళాం వైపు చూశాడు. అంతదాకా ఆయనకు ఆ ప్రశ్న తట్టనేలేదు.

"నాకు తెలుసు" అంది గుండీలమ్మ. "నాకొక్కదానికే."

డాక్టరమ్మ అది కూడా రాసుకుంది.

సాయంత్రానికి కోడలికి వాంతులు పట్టుకున్నాయి. తర్వాత కడుపులో నొప్పి, విరేచనాలు. మర్నాటికి పెదాలు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయి, పక్క మీద ఉన్నది ఎవరో అన్నట్టయిపోయింది. ఆరు గంటలకోసారి రక్తం తీసుకెళ్ళేవారు. తీసుకెళ్ళిన నర్సు తిరిగొచ్చేదాకా గుండీలమ్మ ఊపిరి సరిగ్గా తీసుకునేది కాదు. నర్సు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, లేచి నిలబడేది. ఇన్నేళ్ళూ భయం అనుకున్నదంతా ఉత్త చిరాకేనని, అసలు భయం ఇదని ఆవిడకు తెలిసింది. దాంట్లో ఏడవడానికి కూడా ఉండదు.

చెకింగాయన ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చాడు. గిన్నెలో కూర ఏం చేయాలో డాక్టరమ్మనడిగి, అలాగే చేసొచ్చాడు. వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నేను పీకకుండా ఉండాల్సింది ఆ గుండీ."

"నేను చెప్పి ఉండాల్సింది."

"టమాటాలు నల్లబడిపోయాయే. రెండు రాత్రులుగా కప్పినవాళ్ళు లేరు కదా. వాకిట్లో గులాబీ కూడా..."

"పోనీండి" అంది గుండీలమ్మ. నిజంగానే పోనీ అనిపించింది.

కొడుకు ఆ సాయంత్రం లారీని దారిలోనే ఎవరికో అప్పజెప్పి, బస్సు మారి బస్సు ఎక్కి వచ్చాడు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, వరండాలోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ అంతా చెప్పింది. తోటమాలి మాట దగ్గర్నుంచి ఏదీ దాచలేదు. వాడు తిట్టి ఉంటే ఆవిడకు కొంత తేలికయ్యేది.

"తెలిసి కూడా పొయ్యి మీద కొక్కేనికి ఎలా తగిలించావమ్మా?" అని ఒక్కటే అడిగాడు. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున రక్తం రిపోర్టు రావడం ఆలస్యమైంది. అది చూసి, ఇక కథ అయిపోయిందనుకుంది గుండీలమ్మ. చివరికి డాక్టరమ్మే వచ్చి, "గండం గడిచినట్టే. ఇంకో వారం ఇక్కడే ఉంచుతాను, జుట్టు కాస్త ఊడొచ్చు, కంగారు పడకండి. ఇవాళ్టి నుంచి పల్చటి జావ పట్టండి" అంది. చెకింగాయన తువ్వాలుతో మొహం కప్పుకుని వరండా చివరికి వెళ్ళిపోయాడు. కొడుకు గోడకానుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

గుండీలమ్మ ఇంటికి పరిగెత్తింది. గిన్నెను మూడుసార్లు తోమింది. కొత్తగా కొన్న పిండితో, తనే పట్టి తెచ్చిన నీళ్ళతో జావ కాచింది. పక్కింటివాళ్ళు పలకరిస్తే ఆగలేదు. మూత గట్టిగా బిగించి, క్యానును కొంగు కింద పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చింది.

కోడలు దిండుకానుకుని కూర్చుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కళ్ళలో కాస్త కళ వచ్చింది. "ఆకలేస్తోందత్తయ్యా" అంది.

ఆ మాట వినడానికి గుండీలమ్మ ఎన్ని మొక్కులు మొక్కుకుందో లెక్క లేదు. కళ్ళు తుడుచుకుంటూ గిన్నెలో పోసి, చెంచా ఊది, నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. కోడలు నోరు తెరవబోయింది. చెంచా వైపు చూసింది. పెదాలు మళ్ళీ మూసుకున్నాయి.

"ఏమ్మా, వేడిగా ఉందా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది. బల్లులకూ చీకటికీ బెదరని పిల్ల, చేతులు దుప్పట్లో దాచుకుంది.

"కోప్పడకండి అత్తయ్యా" అంది మెల్లగా. "ముందు మీరు ఒక చెంచా తాగండి."

గుండీలమ్మ చెంచా తన నోట్లో పెట్టుకుంది. మింగింది. ఇంకోటి తాగింది, కోడలికి కనబడేలా. ఇంక చాలునా అని అడగలేదు.

"కాసేపు ఆగుదామా?" అంది.

"ఆగుదాం" అంది కోడలు, ఆవిడ మొహం మీంచి చూపు తిప్పకుండా.

గుండీలమ్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.